తలుపు తీయొద్దంటే ఎందుకు తీస్తారు?

పోయిన సంచికలో ఒక పాఠకుడు "అంతరిక్షంలో తీసే రాక్షసుల సినిమాలన్నీ ఒకటే కథ, ఒప్పుకుంటారా?" అని అడిగితే, "ఒప్పుకుంటాను, అయినా చూస్తాను" అని రెండు ముక్కల్లో తేల్చేశాను. అంత పొట్టి జవాబు మీకు నచ్చలేదని వచ్చిన ఉత్తరాలు చూస్తే అర్థమైంది. ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. పేర్లు వేయొద్దని ఎక్కువమంది రాశారు కాబట్టి అందరివీ ఊళ్లు మాత్రమే వేస్తున్నాను. ఇంకో మాట, జవాబుల్లో కథలు బయటపడిపోతాయి. ఇంకా చూడనివాళ్లు తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

*

ఏంది సార్ ఈ సినిమాలు! ఎక్కడో చీకట్లో నుంచి సిగ్నల్ వస్తుంది, వీళ్లు చేసే పని మానుకుని అక్కడికి పోతారు, పోయినోళ్లంతా చస్తారు. పోకుండా ఉంటే ఏం పోద్ది?
— డిగ్రీ విద్యార్థి, కావలి

పోకుండా ఉంటే సినిమా పోద్ది. కానీ ఇంత తేలిగ్గా చెబితే మీరు ఊరుకునేట్టు లేరు.

ఇది అంతరిక్షంలో పుట్టిన కథ కాదబ్బాయ్, సముద్రం మీద పుట్టింది. మీకు పక్కనే జువ్వలదిన్నె ఉంది కదా, అక్కడ వేటకెళ్లే వాళ్లని ఎవరినైనా అడగండి, నడి సముద్రంలో ఇంకో బోటు ఆగిపోయి చెయ్యి ఊపుతుంటే చూసి చూడనట్టు పోతారా అని. పోరు. రేపు మన బోటు ఆగినా ఎవరో ఒకరు రావాలి కదా. పెద్ద ఓడలకైతే అది చట్టం కూడా. టైటానిక్ మునిగాక 1914లో కొన్ని దేశాలు కూర్చుని సముద్ర భద్రత ఒప్పందం రాసుకున్నాయి, ఆపదలో ఉన్న ఓడకి సాయం పోవడం కెప్టెన్ బాధ్యత అన్నది ఆ దారిలోనే స్థిరపడింది. ఇక మనుషులు లేని ఓడ కథ అంతకన్నా పాతది. 1872 డిసెంబరులో అట్లాంటిక్‌లో మేరీ సెలెస్ట్ అనే ఓడ తెరచాపలతో అలా తేలుతూ దొరికింది. లోపల తిండి ఉంది, సరుకు ఉంది, మనుషులు మాత్రం లేరు. ఏమయ్యారో ఇప్పటిదాకా తేలలేదు. ఈ ఓడని తీసుకెళ్లి నెప్ట్యూన్ గ్రహం దగ్గర పెడితే 1997లో వచ్చిన 'ఈవెంట్ హొరైజన్' అయిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. పాత్రలు అక్కడికి పోయాయా లేదా అన్నది నేను పట్టించుకోను, పోవడానికి కారణం ఉందా లేదా అన్నది చూస్తాను. 1979లో రిడ్లీ స్కాట్ తీసిన 'ఏలియన్'లో ఆ ఓడవాళ్లకి కూడా పోవాలని లేదు. ఖనిజం మోసుకుంటూ ఇంటికెళ్లే కూలి జనం వాళ్లు, ఒకరిద్దరు "మాకు దీనికి అదనంగా డబ్బులిస్తారా" అని కూడా అడుగుతారు. కానీ ఒప్పంద పత్రంలో ఒక షరతు ఉంది, ఇలాంటి సిగ్నల్ వస్తే వెళ్లి చూడాల్సిందే, లేకపోతే వాటా మొత్తం పోతుంది. ఇంకేం చేస్తారు, పోతారు. తీరా కాస్త విప్పి చూస్తే అది సాయం కోసం పిలుపు కాదు, దగ్గరికి రావద్దన్న హెచ్చరికేమో అన్న అనుమానం వస్తుంది. అప్పటికే ముగ్గురు బయటికి దిగిపోయి ఉంటారు. ఇంత పకడ్బందీగా రాసుకున్నాక "వీళ్లకి బుద్ధి లేదు" అని మనం అనలేం. అనగలిగిన సినిమాలు బోలెడున్నాయి, వాటి మీద మీ కోపం న్యాయమే.

*

మా పిల్లలు చూస్తుంటే నేనూ కూర్చున్నాను. ముఖానికి ఏదో అతుక్కున్న మనిషిని లోపలికి తీసుకురావద్దు అని ఆ అమ్మాయి మొత్తుకుంటుంటే ఇంకొకడు తలుపు తీసేశాడు. ఇంకో సినిమాలో కొత్త గ్రహం మీద దిగీ దిగగానే హెల్మెట్లు తీసేశారు. చదువుకున్నవాళ్లేనా వీళ్లు?
— గృహిణి, ఒంగోలు

అమ్మా, మీరు చెప్పిన రెండూ ఒకటిలా కనిపిస్తాయి గానీ మొదటిది గొప్ప సన్నివేశం, రెండోది చెత్త సన్నివేశం.

మొదటిది 'ఏలియన్'. అందులో రిప్లీ, అంటే మీరన్న ఆ అమ్మాయి, చెప్పేది నిబంధన. 24 గంటలు విడిగా ఉంచాలి, తలుపు తీస్తే ఓడలో అందరం పోతాం అంటుంది. బయట నిలబడ్డది కెప్టెన్, ఆయన చేతుల్లో స్నేహితుడు చావుబతుకుల్లో ఉన్నాడు. మనసు కెప్టెన్ వైపు లాగుతుంది, బుద్ధి రిప్లీ వైపు లాగుతుంది. తలుపు తీసినవాడు జాలితో తీశాడనుకుంటాం, వాడు ఎందుకు తీశాడో గంట తర్వాత గానీ తెలియదు. ఆ ముడి విప్పినప్పుడు వెనక్కి వెళ్లి ఆ తలుపు సన్నివేశం మళ్లీ చూడాలనిపిస్తుంది. 2017లో వచ్చిన 'లైఫ్'లో కూడా అంతే, గాజు పెట్టెలోని ప్రాణి శాస్త్రవేత్త చెయ్యి నలిపేస్తుంటే చూడలేక తోటివాడు లోపలికి దూకుతాడు. తప్పే, కానీ ఆ స్థానంలో మనమున్నా చేసే తప్పు.

రెండోది 2012 నాటి 'ప్రొమీథియస్' అయి ఉంటుంది. గాలి పీల్చుకోదగ్గదే అని మీటరు చూపించిందట, అందుకని హెల్మెట్లు తీశారు. గాలి బాగుంటే సరిపోతుందా, గాలిలో ఉండే క్రిముల సంగతేంటి? అందులోనే ఒక జీవశాస్త్రవేత్త పాము లాంటి ప్రాణి పడగెత్తి బుసకొడుతుంటే బుజ్జగిస్తూ చెయ్యి చాపుతాడు. మన ఊళ్లో పశువులు కాసే పిల్లాడు కూడా చేయని పని. దారులు కొలిచి మ్యాపు గీసే యంత్రాలు ఎవరి దగ్గరున్నాయో ఆ మనిషే దారి తప్పుతాడు. ఇవన్నీ చూసి నాకు భయం వేయలేదు, చిరాకు వేసింది.

నిజంలో ఈ క్వారంటైన్ గొడవ ఎలా నడిచిందో చెబుతాను వినండి. 1969లో అపోలో 11 చంద్రుడి నుంచి తిరిగొచ్చినప్పుడు, అక్కడ క్రిములేమైనా ఉంటాయేమోనని ముగ్గురినీ విడిగా పెట్టారు. చంద్రుడి మీద ఉన్నప్పటి నుంచి లెక్కేసి 21 రోజులు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పలకరించడానికి వస్తే కిటికీ అద్దం వెనక నుంచే మాట్లాడారు. ఇంత చేసినవాళ్లు, క్యాప్సూల్ సముద్రంలో పడ్డాక మాత్రం తలుపు అక్కడే తెరిచి, లోపలివాళ్లకి వేసుకోవడానికి సూట్లు అందించారు! నిజంగా ఏదైనా క్రిమి ఉండుంటే అప్పుడే పసిఫిక్‌లో కలిసిపోయేది. అపోలో 14 తర్వాత అసలు ఈ క్వారంటైనే ఎత్తేశారు, చంద్రుడి మీద ఏమీ లేదని తేలింది కాబట్టి.

అయినా నెల్లూరు, ఒంగోలు వాళ్లకి ఇది నేను చెప్పాలా? రాష్ట్రంలో మొదటి కరోనా కేసు 2020 మార్చిలో నెల్లూరులోనే కదా బయటపడింది. ఆ తర్వాత గేటు దగ్గర ఎవరు ఎవరిని బతిమాలుకున్నారో, ఎవరు "మా అన్న కదా, ఒక్క పూట" అని తలుపు తీశారో మనందరికీ గుర్తుంది. అందుకే రిప్లీ సన్నివేశం నాకు ఇప్పుడు అప్పటికన్నా ఎక్కువ భయంగా ఉంటుంది.

*

అంతరిక్షంలో శబ్దం వినపడదంటారు, మరి సినిమాల్లో పేలుళ్లు థియేటర్ అదిరిపోయేలా వినపడతాయేంటి?
— మెకానిక్, దర్శి

వినపడకపోతే మీరు టికెట్ డబ్బులు అడుగుతారని. గాలి లేని చోట శబ్దం ప్రయాణించదు, అంతే. 'ఏలియన్' పోస్టర్ మీదే "అంతరిక్షంలో నీ కేక ఎవరికీ వినపడదు" అన్న అర్థం వచ్చే మాట ఉంది, కానీ ఆ సినిమాలోనే బయట పేలుళ్లు వినపడతాయి. నౌక లోపల మాత్రం నిజానికి నిశ్శబ్దం ఉండదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఫ్యాన్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, ఎందుకంటే బరువు లేని చోట వేడిగాలి పైకి పోవడం, చల్లగాలి కిందికి రావడం ఉండదు. ఫ్యాను ఆగితే నిద్రపోయే మనిషి వదిలిన గాలి ముఖం చుట్టూనే నిలిచిపోయి ఊపిరాడదు. కాబట్టి భయపెట్టదలచుకున్న దర్శకుడు కేకలు వేయించనక్కర్లేదు, ఆ ఫ్యాను చప్పుడు ఆపేస్తే చాలు. ఎవరూ ఎందుకు వాడుకోరో!

*

హెల్మెట్ పగిలితే తల పేలిపోతుంది, గోడకి చిన్న చిల్లు పడితే మనిషి మొత్తం అందులోంచి పీక్కుపోతాడు, ఇవి నిజమేనా? మా ఫిజిక్స్ సార్‌ని అడిగితే సిలబస్‌లో లేదన్నారు.
— ఇంటర్ విద్యార్థిని, కోవూరు

సిలబస్‌లోనే ఉందమ్మా, ఒత్తిడి అన్న పాఠంలో. సార్‌ని ఏమీ అనకు.

మన చుట్టూ ఉన్న గాలి చదరపు సెంటీమీటరుకి దాదాపు కిలో బరువుతో నొక్కుతుంది. అంతరిక్ష కేంద్రం లోపల కూడా అంతే ఒత్తిడి ఉంచుతారు, బయట సున్నా. రెండు మిల్లీమీటర్ల చిల్లు మీద వేలు పెడితే నీ వేలిని లాగే బలం ముప్ఫై గ్రాములు. మనిషి కాదు కదా, గోరు కూడా పోదు. ఇది ఊరికే లెక్క కాదు, 2018 ఆగస్టులో అంతరిక్ష కేంద్రానికి తగిలించి ఉన్న సోయజ్ నౌకకి సరిగ్గా అంతే చిల్లు పడింది. ఒత్తిడి నెమ్మదిగా తగ్గుతోందని భూమి మీదున్నవాళ్లు రాత్రే గమనించారు. ఏం చేశారో తెలుసా? పడుకున్నవాళ్లని లేపలేదు. పొద్దున లేచాక చెప్పారు, వాళ్లు వెతికి పట్టుకుని ముందు టేపు వేశారు, తర్వాత జిగురు మందు నింపారు. ఇదే సినిమాలో అయితే ఎర్ర లైట్లు, సైరన్, సగం మంది అవుట్.

ఇప్పుడు అదే లెక్కని తలుపుకి వెయ్యి. మీటరు వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు తలుపు మీద ఇరవై టన్నులు. తలుపు లోపలికి తెరుచుకునే రకమైతే పది మంది పట్టి లాగినా రాదు, బయటికి తెరుచుకునే రకమైతే గడియ ఊడిన క్షణమే అంతా అయిపోతుంది. హీరోయిన్ ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, ఇంకో చేత్తో మీట నొక్కి, గాలి అంతా బయటికి పోతుంటే అర నిమిషం వేలాడుతూ డైలాగ్ చెప్పడం మాత్రం జరగదు.

ఇక తల పేలడం. అది శుద్ధ అబద్ధం. 1966లో హ్యూస్టన్‌లో నాసా గాలి తీసేసిన గదిలో జిమ్ లెబ్లాంక్ అనే ఆయన స్పేస్ సూట్‌ని పరీక్షిస్తుంటే గాలి గొట్టం ఊడిపోయింది. పద్నాలుగు సెకన్లలో స్పృహ తప్పింది. వెంటనే గదిలోకి గాలి వదిలారు, బతికాడు. నాలుక మీద ఉమ్ము బుడగలు కట్టడం ఆఖరున గుర్తుందని చెప్పాడు. అదృష్టం లేని కథ కూడా ఉంది. 1971 జూన్ 30న సోయజ్ 11లో తిరిగొస్తున్న ముగ్గురు సోవియట్ వ్యోమగాములు, గాలి బయటికి పోయే వాల్వ్ ముందుగానే తెరుచుకోవడంతో దారిలోనే చనిపోయారు. వాళ్ల ఒంటి మీద స్పేస్ సూట్లు లేవు, లోపల ముగ్గురికి సూట్లతో కూర్చునే చోటు లేదు. క్యాప్సూల్ మాత్రం మామూలుగానే పారాచూట్‌తో దిగింది, కిందున్నవాళ్లు సంతోషంగా వెళ్లి తలుపు తెరిచారు. రక్తం చిమ్మే ఏ సినిమా దీనికి సాటి వస్తుంది చెప్పు.

*

అంత పెద్ద తుపాకులు, అంతమంది సైనికులు. అయినా పురుగుల్లా చస్తారు. యాక్షన్ సినిమాలో ఇది న్యాయమా?
— పొగాకు రైతు, టంగుటూరు

అన్నా, ఇది నాకు ఇష్టమైన ప్రశ్న. భయం, యాక్షన్ ఒక ఒరలో ఇమడవు. మనిషి చేతిలో ఏమీ లేకపోతేనే భయం, చేతిలో ఏదో ఉంటేనే యాక్షన్. రెండూ కలిపి తీయాలంటే ఒకటే దారి, తుపాకి ఇవ్వాలి, ఇచ్చి వాడనివ్వకూడదు.

1986లో జేమ్స్ కామెరాన్ 'ఏలియన్'కి రెండో భాగంగా 'ఏలియన్స్' తీసినప్పుడు ఇదే చేశాడు. మొదటి అరగంట పైగా సైనికుల గొప్పలు, జోకులు, తుపాకుల ప్రదర్శన. సరే, వీళ్లు ఉతికి ఆరేస్తారు అనుకుంటాం. తీరా రాక్షసుల గూటిలోకి దిగాక రిప్లీకి అనుమానం వస్తుంది, వీళ్లున్నది అణు కేంద్రాన్ని చల్లబరిచే గొట్టాల కింద. ఒక గుండు తప్పు చోట తగిలితే మొత్తం పేలిపోతుంది. దాంతో లోపల ఉన్నవాళ్ల దగ్గర గుళ్లన్నీ వెనక్కి తీసుకోమని ఆర్డర్ వస్తుంది. అప్పుడు మొదలవుతుంది అసలు సినిమా. కారణం కల్పించాడు చూశారా! కొందరు మాటలు వినకుండా గుళ్లు దాచుకుంటారు, అది కూడా సైనికుల తీరుకి సరిపోయింది. ఆర్డరు ఇచ్చే లెఫ్టినెంటుకి అనుభవం లేదని ముందే ఒక మాటలో చెప్పి పెట్టాడు. అన్ని మేకులూ ముందే కొట్టి పెట్టి చివర్లో పటం తగిలించాడు.

దాన్ని చూసి తర్వాత వచ్చినవాళ్లలో చాలామంది తుపాకులు, బూతులు, కండలు మాత్రం తీసుకున్నారు. గొట్టాల సంగతి వదిలేశారు. అందుకని వాటిల్లో సైనికులు గురి లేక చస్తారు, ఒకరు వెళ్లిన చోటికే ఇంకొకరు ఒంటరిగా వెళ్లి చస్తారు. "విడిపోయి వెతుకుదాం" అని ఎవరైనా అన్నారంటే నేను రిమోట్ తీసుకుంటాను.

*

మేము చిన్నప్పటి నుంచి డాబా ఎక్కి శ్రీహరికోట రాకెట్లు చూసిన వాళ్లం. సినిమాల్లో చివరికి ఓడ తనంతట తాను పేలిపోయే బటన్ ఉంటుంది, పది నిమిషాల కౌంట్‌డౌన్ వస్తుంది, ఆడగొంతు లెక్కపెడుతుంది. నిజంగా ఉంటుందా అలాంటిది?
— వస్త్ర దుకాణం యజమాని, నెల్లూరు

ఉంటుంది, మనకి దగ్గర్లోనే ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ డాబా మీద నుంచి కనిపించే పొగకి జిల్లా హద్దులు లేవు కాబట్టి "మనకి" అనే అంటున్నాను.

2010 డిసెంబరు 25న జీఎస్ఎల్వీ ఎఫ్06 పైకి లేచిన నిమిషం తిరిగేసరికి అదుపు తప్పింది. అది జనం మీదికి పోకుండా భద్రతాధికారి ఆదేశంతో గాల్లోనే పేల్చేశారు. చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. అంతకుముందు 2006 జూలై 10న జీఎస్ఎల్వీ ఎఫ్02 కూడా దారి తప్పితే బంగాళాఖాతం మీదే ముగించారు. అంటే పేల్చే బటన్ నిజమే, కానీ అది ఉన్నది రాకెట్ లోపలి మనిషి దగ్గర కాదు, కింద గదిలో కూర్చున్న అధికారి దగ్గర. పది నిమిషాల గడువు ఉండదు, ఆడగొంతూ ఉండదు, ఆయనకి ఆలోచించుకోవడానికి దొరికేవి సెకన్లు.

సినిమావాళ్లు ఆ బటన్ని ఓడలోపల పెట్టి గడువు కలిపింది మనం టైమ్ చూసుకుంటూ చెమటలు పట్టాలని. దానికి ఇంకో ముడి వేస్తారు, ఆపుదామని వెనక్కొస్తే ఆపే గడువు దాటిపోయి ఉంటుంది. 'ఏలియన్'లో రిప్లీ మీటలన్నీ సరిగ్గానే తిప్పుతుంది, యంత్రం వినదు. నాకు ఆ సీన్ బో ఇష్టం.

నిజమైన కౌంట్‌డౌన్ గొప్పతనం ఆపడంలో ఉంది. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ మొదటి పరీక్ష రాకెట్‌ని ఇంకా ఐదు సెకన్లు ఉందనగా కంప్యూటర్ ఆపేసింది. ఎక్కడ తేడా వచ్చిందో చూసి, సరిచేసి, పది గంటలకి పంపారు. వ్యోమగాముల గది రాకెట్ నుంచి విడిపోయి క్షేమంగా సముద్రంలో దిగింది. 2025 జూన్‌లో శుభాంశు శుక్లా ప్రయాణం కూడా ఎన్నిసార్లు వాయిదా పడిందో పేపర్లలో చదివే ఉంటారు, ఒకసారి రాకెట్లో ఆక్సిజన్ లీకని, ఇంకోసారి అంతరిక్ష కేంద్రంలో రష్యా భాగంలో గాలి లీకని. చివరికి 25న వెళ్లాడు. సినిమాలో అయితే ఆ లీకులు కనపడ్డా "చిన్నదేలే, పోదాం పదండి" అంటాడు కెప్టెన్. అక్కడే వాడి రాత రాసేసుకోవచ్చు.

*

ఇందులో అసలు విలన్ ఎవరు సార్? రాక్షసుడు పాపం జంతువు. కంప్యూటర్, రోబో, కంపెనీ వీటిల్లో ఎవరిని తిట్టాలి?
— ప్రైవేటు ఉద్యోగి, నెల్లూరు

కంపెనీని. మీ ఉత్తరం మిగతా సగం (అది వేయడం లేదు, మీ ఉద్యోగం మీకు ఉండాలి కదా) చదివాక మీకూ జవాబు తెలుసనిపించింది.

మనిషి మీద తిరగబడిన యంత్రం అనగానే 1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో హాల్ అనే కంప్యూటర్ గుర్తొస్తుంది. ఎర్రటి కన్ను, మర్యాదగా మాట్లాడే గొంతు. ఆ గొంతు కోపంగా ఉండుంటే ఎవరూ గుర్తుపెట్టుకునేవారు కాదు. 'ఏలియన్' దాన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. ఓడలో డాక్టరులాంటి మనిషే రోబో అని తేలుతుంది, తలుపు తీసింది వాడే. వాడికి రహస్యంగా ఒక ఆర్డర్ ఉంది, ఆ ప్రాణిని భద్రంగా తీసుకురా, సిబ్బంది పోయినా ఫర్వాలేదు. ఆ మాట తెర మీద అక్షరాల్లో కనిపించినప్పుడు రాక్షసుడు కనిపించినప్పటికన్నా ఎక్కువ ఒళ్లు జలదరిస్తుంది. సినిమా మొత్తం మీద రాక్షసుడు కనిపించేది కొద్ది నిమిషాలే తెలుసా? లోపల ఉన్నది బోలాజీ బడేజో అనే నైజీరియా కుర్రాడు, దాదాపు ఏడడుగుల మనిషి. రబ్బరు సూటు ఎక్కువసేపు వెలుతుర్లో చూపిస్తే రబ్బరని తెలిసిపోతుంది. అందుకే అంత చీకటి, ఆవిరి, మినుకుమినుకుమనే లైట్లు. డబ్బుల్లేక చేసిన ఏర్పాటు ఇప్పుడు శాస్త్రంలా స్థిరపడిపోయి, వందల కోట్లు పెట్టి తీసేవాళ్లు కూడా ట్యూబ్‌లైట్ చెడిపోయిన వరండాలే కడుతున్నారు. మనిషి పట్టే గాలి గొట్టాలు కూడా అంతే, నిజం నౌకల్లో అంత చోటు వృథా చేసేవాళ్లు ఎవరూ లేరు.

*

ఇవన్నీ ఇంగ్లీషువాళ్లే మొదలుపెట్టారా? మన తెలుగులో ఎందుకు రావు?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, కందుకూరు

మాస్టారూ, మొదలుపెట్టింది వాళ్లే, అదీ 1979 కన్నా ముందే. 1958లో 'ఇట్! ది టెర్రర్ ఫ్రమ్ బియాండ్ స్పేస్' అని చిన్న బడ్జెట్ సినిమా వచ్చింది. అంగారకుడి నుంచి తిరిగొచ్చే ఓడలోకి ఒక ప్రాణి దూరుతుంది, సిబ్బంది ఒక్కో అంతస్తూ వదిలేసుకుంటూ పైకి ఎక్కుతారు, చివరికి గాలంతా బయటికి వదిలి దాన్ని చంపుతారు. మీకు ఎక్కడో విన్న కథలా ఉందా? అందరికీ అలాగే ఉంటుంది.

తెలుగులో 2018లో సంకల్ప్ రెడ్డి 'అంతరిక్షం 9000 కేఎంపీహెచ్' తీశారు. అదే ఏడాది తమిళం నుంచి 'టిక్ టిక్ టిక్' డబ్ అయి వచ్చింది. రెండింట్లోనూ రాక్షసుడు లేడు, సాహసం ఉంది. మనకి పాడుబడిన బంగ్లా ఉంది, అడవిలో గెస్ట్‌హౌస్ ఉంది, అక్కడ కారు చెడిపోతే సరిపోతుంది, అంతరిక్షం సెట్ వేయడం ఎందుకనుకుంటారు నిర్మాతలు. ఖర్చు ఒకటే అడ్డం కాదని నా అభిప్రాయం. ఈ కథలో హీరో నిస్సహాయుడిగా ఉండాలి, చావాలి కూడా, ఎవరు బతుకుతారో చివరిదాకా తెలియకూడదు. మనం పెద్ద హీరోని తీసుకుంటే వాడు చావడని టైటిల్స్ పడేటప్పుడే అందరికీ తెలిసిపోతుంది. 'ఏలియన్' వచ్చినప్పుడు రిప్లీగా వేసిన సిగర్నీ వీవర్ ఎవరికీ పెద్దగా తెలియదు, కెప్టెనే హీరో అనుకుని కూర్చున్నారు జనం. ఆ ధైర్యం చేసే నిర్మాత దొరికితే, ఒక ఓడ, ఏడుగురు కొత్తవాళ్లు, ఒక పిల్లి చాలు.

*

ముందు ఎవరు చస్తారో కనిపెట్టడం ఎలా? మా అన్నతో పందెం వేశాను.
— తొమ్మిదో తరగతి విద్యార్థి, సింగరాయకొండ

పందెం డబ్బులతో కాదు కదా? సరే చెబుతాను. ఇంటికెళ్లాక చేయబోయే పని గురించి చెప్పినవాడు, భార్యాబిడ్డల ఫొటో చూపించినవాడు, "ఏంటా చప్పుడు, నేను చూసొస్తా" అన్నవాడు, జీతం గురించి గొణిగేవాడు, వీళ్లలో ఎవరి మీదైనా పందెం వెయ్యొచ్చు. పిల్లి జోలికి మాత్రం పోకు, 'ఏలియన్'లో పిల్లి బతుకుతుంది. ఎవరూ ఊహించనంత త్వరగా పేరున్న నటుడు పోయాడంటే ఆ దర్శకుడు తెలివైనవాడు, నువ్వు పందెం ఓడినా సినిమా బాగుంటుంది. చదువుకో ముందు.

*

హారర్ సిరీస్ ఎందుకో నాలుగో భాగమో పదో భాగమో వచ్చేసరికి అంతరిక్షంలోకి పోతుంది, గమనించారా?
— వీడియో ఎడిటర్, ఒంగోలు

గమనించాను. కథ అయిపోయిందని ఒప్పుకోలేక ఊరు మార్చేస్తారు. 'లెప్రకాన్' నాలుగో భాగంలో, 'ఫ్రైడే ది థర్టీన్త్' పదో భాగంలో పైకి పంపారు. పైకి పోయింది సినిమానే.

*

మా నాన్నగారు పౌరాణికాలు తప్ప చూడరు. ఒక్క స్పేస్ హారర్ సినిమా అయినా ఆయనతో కూర్చుని చూడాలని నా కోరిక. దేనితో మొదలుపెట్టమంటారు?
— బ్యాంకు ఉద్యోగిని, ఆత్మకూరు

'ఏలియన్' 1979ది పెట్టండి. కానీ భోజనం చేస్తూ చూడొద్దు, అందులో కూడా భోజనాల బల్ల దగ్గరే కొంప మునుగుతుంది. మొదటి ముప్పావు గంట నెమ్మదిగా నడుస్తుంది, నాన్నగారు కునుకు తీసినా లేపకండి, బల్ల సీనుకి ఆయనే లేస్తారు. నచ్చితే మర్నాడు 'ఏలియన్స్' పెట్టండి. అందులో తల్లికీ తల్లికీ పోరాటం ఉంది, పౌరాణికాలు చూసే మనిషికి అది బాగా ఎక్కుతుందని నా నమ్మకం. 'ఈవెంట్ హొరైజన్' మాత్రం పొరపాటున కూడా వద్దు, ఆయన మళ్లీ మీతో కూర్చోరు. చూశాక ఆయన ఏమన్నారో రాయండి, వచ్చే సంచికలో వేస్తాను.